అమ్మ ఆసుపత్రి ఫైలంతా ఫోన్‌లోకి ఎక్కించాలి: ఆభా ఒక్కటి చాలా, సొంతంగా తాళమేసి దాచుకోవాలా?

హగరి ఒడ్డు (అనంతపురం):

అందరికీ నమస్కారం. అమ్మకు 61. షుగర్, బీపీ పాతవే, ఈమధ్య క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష) 1.9 దాకా వచ్చింది. మామూలు చూపించుకోవడం ఇక్కడ అనంతపురంలో, కిడ్నీకి బెంగళూరు, కంటికి కర్నూలు. మూడు చోట్లా మూడు ఓపీ నెంబర్లు, ఒకచోటి కాగితం ఇంకోచోట కనబడదు.

చేతిలో ఉన్న సరుకు: ఓపీ చీటీలు, మందుల చీటీలు, ల్యాబ్ రిపోర్టులు, రెండు డిశ్చార్జి సమ్మరీలు కలిపి 140 కాగితాల దాకా. ఎక్స్‌రే ఫిల్ములు 4, సీటీ స్కాన్ సీడీ ఒకటి, ఈసీజీ పట్టీలు 6. ఇవి గాక ల్యాబ్ వాళ్లు వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్‌లు 30. పరికరాలు: 64 జీబీ ఆండ్రాయిడ్ ఫోను, విండోస్ 10 ఉన్న పాత ల్యాప్‌టాప్, 32 జీబీ పెన్‌డ్రైవ్.

అడగదలచుకున్నవి మూడు. ఆభా (ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య గుర్తింపు) నెంబరు తీసుకుంటే ఇవన్నీ దాంట్లోకి వచ్చేస్తాయా? గూగుల్ డ్రైవ్‌లో మామూలుగా పెడితే ఏం ప్రమాదం? పాస్‌వర్డులు పెట్టి దాస్తే, నేను ఊళ్లో లేని రోజు చెల్లెలు ఎట్లా తీయాలి? అమ్మకు ఫోను ఎత్తడం, పెట్టేయడం తప్ప రాదు.

పాత కేస్‌షీట్ (కర్నూలు):

మొదటిదానికి జవాబు: రావు. పాత కాగితాలు వాటంతట అవి వచ్చి ఆభాలో కూర్చోవు.

ఆభా అంటే 14 అంకెల గుర్తింపు సంఖ్య, దానికి తోడు మెయిల్ ఐడీ లాంటి ఒక ఆభా అడ్రసు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇస్తారు. ఆ మిషన్ 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైంది, నడిపేది నేషనల్ హెల్త్ అథారిటీ. దీని కట్టడిలో మధ్యన పెద్ద గోడౌను అంటూ ఏదీ లేదు. రిపోర్టు ఏ ఆసుపత్రిలో పుట్టిందో ఆ ఆసుపత్రి సర్వర్లోనే ఉంటుంది. ఆభా యాప్‌లో 'లింక్ అయింది' అని చూపిస్తే, ఫలానా చోట ఫలానా తేదీ రికార్డు ఉందన్న ఆచూకీ మీకు చిక్కిందని అర్థం, అంతే. మీరు తెరిచినప్పుడు అక్కడి నుంచి ఎన్‌క్రిప్ట్ అయి (దారిలో ఎవరూ చదవలేని గుర్తులుగా మారి) వస్తుంది. రేపు ఆ ఆసుపత్రి సాఫ్ట్‌వేరు మార్చి పాత డేటా వదిలేసినా, ఆసుపత్రే మూతబడినా, ఆచూకీ మిగులుతుంది గానీ రికార్డు ఉండదు. కాబట్టి లింక్ అయినవాటిని అప్పటికప్పుడే తెరిచి, పీడీఎఫ్‌గా దింపుకునే వీలుంటే పీడీఎఫ్‌గా, లేకపోతే స్క్రీన్‌షాట్‌గానైనా మీ దగ్గర ఒక కాపీ పెట్టుకోండి.

ఓపీ కౌంటర్ దగ్గర క్యూఆర్ స్కాన్ చేసి టోకెన్ తీసుకుంటే రికార్డంతా డిజిటల్ అయిపోయిందని శానామంది అనుకుంటారు. అక్కడ కౌంటర్‌కు వెళ్లేది ఆభా నెంబరు, పేరు, వయసు, లింగం, ఫోను, చిరునామా మాత్రమే. లోపల డాక్టరు చేత్తో రాసిచ్చిన చీటీ ఎప్పటికీ కాగితమే. ఇంకో తికమక కూడా తీర్చేస్తాను: ఆభా వేరు, ఆయుష్మాన్ కార్డు వేరు, మన ఎన్టీఆర్ వైద్యసేవ వేరు. ఆభాతో ఉచిత వైద్యం రాదు. 'ఆభా కార్డు డౌన్‌లోడ్' అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లను ముట్టుకోకండి, యాప్ ప్లేస్టోర్ నుంచే.

డాక్టరు మీ రికార్డులు చూడాలంటే యాప్‌లోకి అనుమతి అడుగుతూ రిక్వెస్టు వస్తుంది. అడిగేదెవరు, ఎందుకు, ఏ రకం రికార్డులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, అనుమతి ఎప్పుడు ముగుస్తుంది అన్నీ అందులోనే రాసి ఉంటాయి. తేదీలు కుదించొచ్చు, ఒక ఆసుపత్రివి తీసేయొచ్చు, తర్వాత రద్దు చేయొచ్చు. రద్దు చేస్తే కొత్తగా తీసుకోవడం ఆగుతుంది, అప్పటికే ప్రింటు తీసిన కాగితం మాత్రం వెనక్కి రాదు. కౌంటర్ దగ్గర 'ఓటీపీ చెప్పండమ్మా' అనగానే గట్టిగా చదివి వినిపించడం మానిపించండి. ఏ మెసేజీలో దేనికి ఓటీపీ అని ఉందో చూశాకే చెప్పాలి.

స్కానింగ్ మొదలుపెట్టే ముందు ఒక పని: ఫైల్లో ఏం లేవో చూసుకోండి. భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డును చికిత్స మొదలైన తేదీ నుంచి మూడేళ్లు ఉంచాలి, రోగి గానీ ఆయన తరఫువాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. అంటే మూడేళ్లు దాటితే వాళ్ల దగ్గర ఉంటుందన్న భరోసా లేదు. తెల్లకాగితం మీద పేరు, ఐపీ నెంబరు, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ రాసి మెడికల్ రికార్డ్స్ విభాగంలో ఇచ్చి, మీ కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే అడిగి వచ్చేస్తారు చాలామంది. ఆపరేషన్ జరిగి ఉంటే ఆపరేషన్ నోట్సు, ముక్క పరీక్ష చేసి ఉంటే బయాప్సీ రిపోర్టు, స్టెంటో కంటి లెన్సో వేసి ఉంటే దాని స్టిక్కరు కూడా అడగండి. లెన్సు పవరు, లాట్ నెంబరు ఆ స్టిక్కరు మీద తప్ప ఇంకెక్కడా సరిగ్గా ఉండవు.

తాళంచెవి516 (కడప):

తాళం సంగతి నేను చెప్తా.

స్కాన్ చేసేటప్పుడు ఏ4 కాగితానికి 300 డీపీఐ చాలు, అంటే 2480 × 3508 పిక్సెళ్లు. గ్రే రంగులో పేజీకి సుమారు అర ఎంబీ వస్తుంది, 140 కాగితాలకు వంద ఎంబీ కూడా దాటదు. ముద్ర, ఎర్ర పెన్ను రాతలు ఉన్న పేజీలు మాత్రం రంగులో తీయండి. పూర్తి నలుపు-తెలుపు మోడ్ వాడొద్దు, పెన్సిలుతో రాసిన మోతాదులు మాయమవుతాయి. ఫోన్‌తో తీసేవాళ్లు గూగుల్ డ్రైవ్ యాప్‌లోని స్కాన్ బటన్ వాడుకోవచ్చు. 2020 జూన్‌లో నిషేధించిన 59 యాప్‌ల జాబితాలో ఉన్న క్యామ్‌స్కానర్‌ను బయటి సైట్ల నుంచి ఏపీకేగా దించుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, ఆ పని ఆసుపత్రి కాగితాలతో అసలు చేయకండి.

ఫైలు పేరు తేదీతో మొదలవ్వాలి, సంవత్సరం ముందు: 2024-03-12, తర్వాత ఊరు, తర్వాత విషయం. అట్లా పెడితే పేర్ల వరుసే తేదీల వరుస అవుతుంది. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి. తెలుగు పేర్లున్న జిప్ ఫైలును కొన్ని పాత కంప్యూటర్లలో విప్పితే పిచ్చి గుర్తులు వస్తాయి.

గూగుల్ డ్రైవ్ గురించి. అక్కడ ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటాయి, కానీ తాళంచెవి గూగుల్ చేతిలో ఉంటుంది. నిజంగా జరిగే ప్రమాదం వేరే: ఒకే పాస్‌వర్డు పది సైట్లకు వాడటం, లాక్ లేని ఫోను, 'లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు' అని షేర్ చేసి మర్చిపోవడం. రెండంచెల ధ్రువీకరణ పెట్టి, బ్యాకప్ కోడ్‌లు ప్రింటు తీసి బీరువాలో పెట్టండి. సున్నితం కాని ల్యాబ్ రిపోర్టులకు ఇది చాలు. డిజీలాకర్ కూడా ఆభాతో కలిసి పనిచేస్తుంది. అయితే మనం ఎక్కించే ఫైలు ఒక్కోటి 10 ఎంబీ మించకూడదు, మొత్తం 1 జీబీ. కాగితాలకు సరిపోతుంది, స్కాన్ సీడీ పట్టదు.

అంతకంటే గట్టి తాళం కావాలంటే క్రిప్టోమేటర్ అనే ప్రోగ్రామ్. డ్రైవ్ ఫోల్డర్లో ఒక ఖజానా తయారుచేస్తుంది. ప్రతి ఫైలునూ విడివిడిగా ఏఈఎస్-256 అనే గట్టి పద్ధతితో మూస్తుంది, ఫైలు పేర్లను కూడా. ఒక ఫైలు మారితే ఆ ఒక్కటే అప్‌లోడ్ అవుతుంది. ల్యాప్‌టాప్‌లో ఉచితం, ఆండ్రాయిడ్ యాప్ కొనాలి. ఖజానా చేసేటప్పుడు రికవరీ కీ ఇస్తుంది, దాన్ని కాగితం మీద ప్రింటు తీసుకోండి.

వెరాక్రిప్ట్ అనే ఇంకో తాళం ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌కు మంచిది, క్లౌడ్‌కు కాదు. అది ఒకటే పెద్ద పెట్టె. లోపల ఫైళ్లు మార్చినా బయటి ఫైలు తేదీ మారకుండా ఉంచడం దానిలో మనం మార్చకపోతే ఉండే సెట్టింగ్. అందుకని డ్రైవ్ సాఫ్ట్‌వేరుకు మార్పు జరిగిందనే తెలియక పాత కాపీనే ఉండిపోవచ్చు. 'బ్యాకప్ అవుతోందిలే' అని ఏడాది నమ్మి కూర్చునేది ఇక్కడే. పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ మించిన పెట్టె పట్టదు, ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేసుకోవాలి. పెట్టె తలభాగం పాడైతే పాస్‌వర్డు తెలిసినా తెరుచుకోదు. 'బ్యాకప్ వాల్యూమ్ హెడర్' అని మెనూలో ఉంటుంది, ఆ చిన్న ఫైలు తీసి వేరేచోట పెట్టాలి. డిస్‌మౌంట్ చేయకుండా (పెట్టె మూయకుండా) పెన్‌డ్రైవ్ పీకితే తలనొప్పి ఖాయం.

ఫైళ్లను మూటకట్టే సెవెన్‌జిప్ ప్రోగ్రామ్ వాడేవాళ్లు 'ఫైలు పేర్లూ ఎన్‌క్రిప్ట్ చేయి' అన్న గడిలో టిక్ పెట్టాలి. లేకపోతే లోపలి రిపోర్టు తెరుచుకోకపోయినా ఏ జబ్బు పరీక్షో పేరు చూసి ఎవరైనా చెప్పేస్తారు.

పాస్‌వర్డుకు సంబంధం లేని ఐదారు మాటలు వరుసగా: ఉగ్గాని, బురుజు, గొడుగు, తాటిముంజ, ఇసుక, ఈ తరహాలో (ఇవే పెట్టకండి, అందరూ చదివేశారు). తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఒక చిక్కుంది: ఉగ్గానిలో 'గ' ఒకటా రెండా, బురుజులో 'ఊ' పొడుగా పొట్టా, ఆర్నెల్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు. స్పెల్లింగు కాగితం మీద అక్షరం అక్షరం రాసి పెట్టుకోవాల్సిందే. ఈ తాళాలకు 'పాస్‌వర్డ్ మర్చిపోయారా' అనే బటన్ ఉండదు.

ఇంకొకటి. తాళమేసిన ఖజానా పక్కనే తాళం లేని నకళ్లు పడి ఉంటాయి. స్కాన్ యాప్‌లో ఒకటి, డౌన్‌లోడ్స్‌లో ఒకటి, వాట్సాప్ ఫోల్డర్లో ఒకటి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'మీడియా విజిబిలిటీ' ఆపండి, ఫోటోగా వచ్చిన రిపోర్టులు గ్యాలరీకి, అక్కణ్ణుంచి గూగుల్ ఫోటోస్‌కు పోకుండా ఉంటాయి. ఫోటోస్‌లో చెరిపినా బ్యాకప్ అయినవి 60 రోజులు చెత్తబుట్టలో ఉంటాయి. వాట్సాప్ చాట్ బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ మనమే ఆన్ చేయాలి, తనంతట తాను ఉండదు.

డైకామ్ బాబాయ్ (కర్నూలు):

కాగితాల సంగతి వాళ్లు చూసుకుంటారు. సీడీ, ఫిల్ములు, ఈసీజీ నా వాటా.

సీడీని రేపే కాపీ చేయండి, మిగతావి తర్వాత. ఎండ తగిలినా, గీతలు పడినా, వెనుక బాల్‌పెన్నుతో పేరు రాసినా సీడీ చెడుతుంది. కాపీ చేసేటప్పుడు బొమ్మల్లా కనిపించేవి మాత్రం ఏరుకోవద్దు. సీడీలోని ఫోల్డర్లన్నీ ఉన్నవున్నట్టు కాపీ చేయాలి, ఒక్క పేరు కూడా మార్చకూడదు. ఆ బొమ్మలు డైకామ్ అనే రకం ఫైళ్లు, వాటితో డైకామ్‌డిర్ అనే ఫైలు ఒకటుంటుంది. ఏ బొమ్మ ఏ ఫోల్డర్లో ఉందో అందులో రాసి ఉంటుంది, పేరు మారిస్తే దారి తప్పుతుంది. సీటీ ముక్క (ఒక పొర బొమ్మ) ఒకటి 512 × 512 చుక్కలు, చుక్కకు 2 బైట్లు, అంటే అర ఎంబీ. 400 ముక్కలైతే 200 ఎంబీ. ఆ ఫోల్డరు మొత్తాన్ని ఒక జిప్‌గా కట్టి దాచండి.

సీడీలో వచ్చే వ్యూయర్ ప్రోగ్రామ్‌ను చాలా ఆసుపత్రి కంప్యూటర్లు నడవనివ్వవు. ఇంట్లో చూసుకోవడానికి మైక్రోడైకామ్ గానీ వీసిస్ గానీ వేసుకోండి. జేపీజీగా మార్చి పంపడం దేనికీ పనికిరాదు. ఊపిరితిత్తి చూడాలంటే ఒక వెలుగు, ఎముక చూడాలంటే ఇంకో వెలుగు పెట్టుకుని డాక్టరు మారుస్తూ చూస్తారు. జేపీజీలో ఆ వెలుగు గట్టిపడిపోతుంది, ఇక మారదు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే మరీ నలిగిపోతుంది. పంపక తప్పకపోతే 'డాక్యుమెంట్'గా పంపండి.

ఎక్స్‌రే ఫిల్మును కిటికీకి అడ్డంపెట్టి తీస్తే వెనకాల వేపచెట్టు కూడా పడుతుంది. ల్యాప్‌టాప్‌లో తెల్లటి పేజీ తెరిచి, వెలుతురు పూర్తిగా పెంచి, ఫిల్ము దానికి రెండు వేళ్ల దూరంలో పట్టుకుని, గదిలో లైట్లు ఆర్పి, ఫ్లాష్ లేకుండా తీయండి. మూలనున్న పేరు, తేదీ, కుడి-ఎడమ గుర్తు ఫోటోలో పడాలి. ఇది గుర్తు కోసమే, ఫిల్ము పారేయొద్దు.

ఈసీజీ పట్టీలు తొందరపెట్టేవి. అది వేడికి నల్లబడే థర్మల్ కాగితం, అల్ట్రాసౌండ్ బొమ్మల ప్రింట్లూ చాలావరకు అంతే. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెడితే ఆ ప్లాస్టిక్‌లోని రసాయనం తగిలి అక్షరాలు వెలిసిపోతాయి. మన ఎండాకాలంలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద వదిలితే కాగితమే నల్లబడుతుంది. మామూలు కాగితం కవర్లో పెట్టండి. వీటిని ఫోన్‌తో కాకుండా ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద, రంగులో, కొలత వంద శాతం ఉంచి తీయండి. ఈసీజీ కొలత గళ్ల మీదే ఆధారపడుతుంది: మామూలుగా సెకనుకు 25 మి.మీ. వేగం, చిన్న గడి 0.04 సెకన్లు, నిలువున 10 మి.మీ.కు 1 మిల్లీవోల్టు. ఫోను వంచి తీస్తే గళ్లు వంకర. ప్రింటు తీసేటప్పుడు 'ఫిట్ టు పేజ్' పెడితే గడి సైజే మారిపోతుంది.

హగరి ఒడ్డు (అనంతపురం):

చాలా థ్యాంక్స్ అన్నలూ. ఆభా చేశాం. బెంగళూరు ఆసుపత్రి యాప్ జాబితాలో కనిపిస్తోంది, లింక్ నొక్కితే 'రికార్డులు దొరకలేదు' అంటోంది. ఆసుపత్రి కార్డులో అమ్మ పేరుకు ఇంటిపేరు ఉంది, ఆధార్‌లో లేదు. పుట్టిన సంవత్సరం రెండేళ్లు తేడా. కార్డులో ఇచ్చిన ఫోను మామయ్యది. ఇందులో ఏది కారణం?

పాత కేస్‌షీట్ (కర్నూలు):

మూడూ. అవతలి సాఫ్ట్‌వేరు పోల్చేది ముఖ్యంగా ఫోను నెంబరు, పేరు, లింగం, పుట్టిన సంవత్సరం. మనవైపు ఇంటిపేరు ముందు ఉంటుంది, బెంగళూరు కౌంటర్లో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లుంటే ఇంటిపేరు చివరికి పోతుంది లేదా ఒక్క అక్షరంగా మిగులుతుంది. మన ఊళ్లలో పెద్దవాళ్ల ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉండటం మామూలే, ఆసుపత్రిలో మాత్రం నోటికొచ్చిన వయసు చెప్తారు, దాన్నుంచి వాళ్లు ఏడాది లెక్కేస్తారు.

ఈసారి వెళ్లినప్పుడు ఆధార్ తీసుకెళ్లి రిజిస్ట్రేషన్ కౌంటర్లో పాత రికార్డులోనే పేరు, సంవత్సరం, ఫోను సరిచేయమనండి. 'కొత్త నెంబరు ఇచ్చేస్తాం' అంటే ఒప్పుకోకండి. కొత్త నెంబరు ఇస్తే అమ్మకు అక్కడ రెండు ఫైళ్లు తయారవుతాయి, పాత క్రియాటినిన్లు ఒకదాంట్లో, కొత్తవి ఒకదాంట్లో. ఇప్పటికే రెండున్నా కలిపేయమని అడగండి. సరిచేశాక యాప్‌లో ఆసుపత్రి నెంబరు కూడా కొట్టి వెతకండి. దొరికితే ఓటీపీ వచ్చేది ఆసుపత్రిలో నమోదైన ఫోనుకే, మామయ్య నెంబరే ఉంటే మామయ్యకే పోతుంది.

ఆధార్‌కు కూడా ఎల్లకాలం ఇంట్లో ఉండే నెంబరే కట్టండి. చేనిపనితో వేలిముద్రలు అరిగినవాళ్లకు ఓటీపీయే దిక్కు. రీచార్జి లేక పడేసిన సిమ్ కొన్నాళ్లకు ఆగిపోయి ఇంకొకరి చేతికి పోతుంది, దాంతోపాటు ఓటీపీలు కూడా.

గుత్తి కోట నీడ (గుత్తి):

అందరూ బాగా చెప్పారు గానీ, ఒక్కటి నాకు నచ్చలేదు. ఇన్ని తాళాలు వేశాక రాత్రి పదకొండింటికి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు అడిగేది 140 పేజీలు కాదప్పా. ఏ జబ్బులు, ఏ మందులు, ఏవి పడవు, చివరి క్రియాటినిన్ ఎంత, అంతే. అది ఒక్క పేజీ. దానికి తాళం అక్కర్లేదు. ఆ పేజీ లేకుండా క్రిప్టోమేటర్ పెట్టుకోవడం దొడ్డికి గేటు కట్టి ఇంటికి తలుపు మరిచినట్టు.

పేజీ ఇంగ్లీషులో ఉండాలి. బెంగళూరు, వేలూరు, హైదరాబాద్‌లలో ఎవరి ముందు పెట్టినా చదవగలగాలి. వెనకవైపు ఇంట్లోవాళ్ల కోసం అదే తెలుగులో. పైన పేరు, పుట్టిన సంవత్సరం, మార్చిన తేదీ. జబ్బులు, ఒక్కోదానికి మొదలైన సంవత్సరం. మందులు కంపెనీ పేరుతో కాక మందు పేరుతో, ఎంజీతో, ఏ పూటకో. గ్లైమెపిరైడ్ 1 ఎంజీ, మెట్‌ఫార్మిన్ 500 ఎంజీ కలిసిన బిళ్ల అయితే రెండూ విడదీసి రాయాలి, ఎందుకంటే కిడ్నీ పని తగ్గేకొద్దీ మెట్‌ఫార్మిన్ మోతాదు తగ్గిస్తారు, ఒక దశ తర్వాత ఆపేస్తారు. పడని మందులు, పడితే ఏమయిందో (దద్దుర్లా, ఊపిరాడకపోవడమా). కిడ్నీ మాట పెద్దక్షరాల్లో. నొప్పి సూది పొడిచే ముందు, కాంట్రాస్టు ఎక్కించి సీటీ తీసే ముందు అవతలివాళ్లకు అది కనబడాలి. ఆపరేషన్లు, కంటి లెన్సు. చివరన ఇద్దరి ఫోన్లు. ఆధార్ నెంబరు, పాస్‌వర్డులు ఈ పేజీలో పెట్టొద్దు. ఒకటి అమ్మ చేతిసంచిలో, ఒకటి ఫోన్‌లో. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో 'ఎమర్జెన్సీ సమాచారం' నింపితే లాక్ తీయకుండానే చూడొచ్చు. మందు మారిన రోజే పేజీ మార్చి, పాతదాన్ని చించేయాలి. పాత పేజీ సంచిలో ఉంటే అసలు లేనిదానికంటే చేటు.

రెండో పేజీ పట్టిక: తేదీ, ల్యాబు, క్రియాటినిన్, పొటాషియం, హిమోగ్లోబిన్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), బరువు, బీపీ. కిడ్నీ డాక్టరు ముందు దీన్నే చూస్తారు. రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత వేగం) అని ల్యాబు ఇచ్చిన అంకెలను వరుసగా పోల్చకండి. అది క్రియాటినిన్ నుంచి సూత్రంతో కట్టిన లెక్క. ఒక ల్యాబు ఎండీఆర్‌డీ, ఇంకోటి సీకేడీ-ఎపీ 2009, ఇంకోటి 2021 సూత్రం వాడుతుంది. ఒకే రక్తానికి మూడు అంకెలు రావొచ్చు. క్రియాటినిన్ రాసి పెట్టుకోండి, ఎప్పుడైనా ఒకే సూత్రంతో కట్టుకోవచ్చు. ప్రమాణం కూడా చూడండి. ఎంజీ/డీఎల్‌లో 1.9 అయితే మైక్రోమోల్/లీటరులో 88.4తో గుణించి 168. అంకె చూసి హడలిపోవద్దు.

జిరాక్స్ షాపు సంగతి ఎవరూ చెప్పలేదు. బల్క్‌గా స్కాన్ చేయించడానికి అక్కడికే పోతారు కదా. 'మా వాట్సాప్‌కు పంపుతాం' అంటే ఆ కాగితాలు వాళ్ల ఫోన్‌లో, వాళ్ల కంప్యూటర్లో ఉండిపోయినట్టే. ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి దానికోసమే పెట్టుకుని, స్కాన్ ఫోల్డరు చెరిపించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించి రావాలి. ఇంటికొచ్చాక యాంటీవైరస్‌తో చూడందే తెరవొద్దు. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారే వైరస్ ఆ కంప్యూటర్లలో మామూలు.

తాళంచెవి516 (కడప):

గుత్తి వారి మాట ఒప్పుకుంటా, ఆ ఒక్క పేజీకి తాళం వద్దు. కానీ మిగతా అన్నిటికీ వద్దనుకోకండి. మానసిక వైద్యం, హెచ్ఐవీ, గర్భానికి సంబంధించినవి ఇంట్లోవాళ్లకే తెలియకూడదని రోగి అనుకోవచ్చు. ఆ హక్కు రోగిదే. హెచ్ఐవీ గోప్యతకు 2017లో చట్టమే వచ్చింది, మానసిక చికిత్స రికార్డు చూసే హక్కు రోగికి ఇచ్చిన చట్టం కూడా అదే ఏడాదిది. అవి ఉంటే వేరే ఖజానా, వేరే పాస్‌వర్డు. అమ్మ ఫైలే అయినా ఏది ఎవరికి చూపించాలో ముందు అమ్మనడగండి.

చెల్లెలి విషయం. ఖజానా పాస్‌వర్డు, రికవరీ కీ, గూగుల్ బ్యాకప్ కోడ్‌లు ఒక కాగితం మీద రాసి రెండు కవర్లు చేయండి. అతికించి అంచు మీద సంతకం. ఒకటి మీ బీరువాలో, ఒకటి చెల్లెలింట్లో. పెన్‌డ్రైవ్ ఉన్నచోట ఆ కవరు ఉండకూడదు. తర్వాత చెల్లెలి చేత, ఆమె ఫోన్‌లో, మీరు పక్కన కూర్చుని నోరు మెదపకుండా, ఒకసారి తెరిపించండి. ఎక్కడ ఆగితే అక్కడ కాగితంలో ఇంకో వాక్యం రాయాలి. నెట్ ఆపి కూడా ఒకసారి చూడండి. ఆసుపత్రి బేస్‌మెంట్లో సిగ్నల్ ఉండదు, క్లౌడ్‌లో మాత్రమే ఉన్నది అక్కడ లేనట్టే.

కాపీలు మూడు: ఫోను ప్లస్ క్లౌడ్, ల్యాప్‌టాప్, ఇంకో ఇంట్లో పెన్‌డ్రైవ్ లేదా హార్డ్‌డిస్కు. చవక పెన్‌డ్రైవ్‌లు 32 అని చెప్పి 8 మాత్రమే పట్టేవి ఉంటాయి, నింపడానికి ముందు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్‌తో పరీక్షించండి. వాడకుండా ఏళ్ల తరబడి వేడి గదిలో పడేస్తే అందులోని ఛార్జి కారిపోయి డేటా చెడొచ్చు. ఉగాదికి, దసరాకు రెండుసార్లు తగిలించి, ఏవో ఐదు ఫైళ్లు తెరిచి చూసి, ఏడాదికోసారి మళ్లీ రాయండి.

ల్యాప్‌టాప్ విండోస్ 10 అన్నారు. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 11 ఎక్కకపోతే లైనక్స్ మింట్ వేసుకోండి, క్రిప్టోమేటర్, వెరాక్రిప్ట్, వీసిస్ మూడూ అందులో నడుస్తాయి.

హగరి ఒడ్డు (అనంతపురం):

రెండు చిన్న డౌట్లు. ల్యాబ్ పీడీఎఫ్‌లకు ఫోను నెంబరే పాస్‌వర్డుగా ఉంది, అట్లే ఉంచాలా? ల్యాప్‌టాప్‌కు సీడీ డ్రైవు పనిచేయడం లేదు.

తాళంచెవి516 (కడప):

ఫోను నెంబరు తాళమే కాదు, అందరికీ తెలిసిందే కదా. పైగా పదేళ్లకు ఆ పీడీఎఫ్ ఏ నెంబరుతో తెరవాలో మీకే గుర్తుండదు. తెరిచి, ప్రింట్‌లోకి వెళ్లి 'సేవ్ యాజ్ పీడీఎఫ్' కొట్టి తాళం లేని కాపీ చేసి ఖజానాలో పెట్టండి. అసలుదీ పక్కనే ఉంచండి. డిజిటల్ సంతకం ఉంటే అది కొత్త కాపీలో ఎగిరిపోతుంది, ఇన్సూరెన్సువాళ్లు అసలుది అడగొచ్చు. ల్యాబ్ పంపిన ఎస్ఎంఎస్ లింకుల్ని నమ్ముకుని వదిలేయొద్దు, వాటికి గడువుంటుంది.

డైకామ్ బాబాయ్ (కర్నూలు):

యూఎస్‌బీకి తగిలించే డీవీడీ డ్రైవు ఎవరిదన్నా అడిగి తెచ్చుకోండి. దొరక్కపోతే స్కాన్ తీసిన సెంటరుకే వెళ్లి, బిల్లు మీది ఐడీ, తేదీ చెప్పి పెన్‌డ్రైవ్‌లో 'డైకామ్ కావాలి, జేపీజీ వద్దు' అనండి. ఎక్కువ రోజులైతే వాళ్ల మెషీన్ నుంచి చెరిపేస్తారు, తొందరగా వెళ్లండి. ఇచ్చాక అక్కడే తెరిపించి, పేరు అమ్మదేనా, ముక్కలన్నీ వచ్చాయా చూసుకునే బయటికి రండి.